సైనికులకు ఏ రకం ఫ్లూ టీకా మేలు: లెక్కలు ఎందుకు ఒక్క మాట చెప్పవు

ఫ్లూ టీకాల్లో రకాలు చాలానే ఉన్నాయి. చంపిన వైరస్‌తో చేసే ఇంజెక్షన్ ఒకటి, బలహీనపరిచిన బతికున్న వైరస్‌ను ముక్కులో కొట్టే స్ప్రే ఒకటి. ఇంజెక్షన్లలోనూ కోడిగుడ్లలో పెంచినది, జంతు కణాల్లో పెంచినది, అసలు వైరస్‌తో పని లేకుండా దాని ప్రొటీన్‌ను మాత్రమే తయారుచేసి ఎక్కించేది అని మళ్లీ మూడు. వీటిలో ఏది గట్టిగా పనిచేస్తుందో తేల్చాలంటే సైన్యాన్ని మించిన చోటు లేదనిపిస్తుంది. ఎక్కువమంది పడుచువాళ్లు, ఆరోగ్యవంతులు. ఎవరికి ఏ తేదీన ఏ రకం టీకా వేశారో రికార్డులో ఉంటుంది. జ్వరం వస్తే వెళ్లేదీ సైనిక వైద్యశాలకే కాబట్టి ఆ వివరమూ అక్కడే చేరుతుంది. బయట జనాభాలో ఇంత పక్కా లెక్క దొరకడం కష్టం.

అయినా ఎనభై ఏళ్లుగా పరీక్షలు జరుగుతున్నా "ఇదే మేలు" అని ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. ఒక అధ్యయనంలో ఇంజెక్షన్ గెలుస్తుంది, ఇంకోదానిలో స్ప్రే గెలుస్తుంది, మరోదానిలో తేడాయే కనిపించదు. టీకా వేయించుకున్న సైనికుడి ఒంట్లో అప్పటికే ఏముంది, ఆ ఏడు తిరిగిన వైరస్ ఏది, లెక్కలోకి తీసుకున్న జబ్బు ఏది అన్న మూడు సంగతులు చూస్తే తప్ప ఆ ఫలితాలు అర్థం కావు. ఇక్కడ ఎక్కువగా అమెరికా సైన్యం వివరాలే వస్తాయి. ఈ విషయం మీద దశాబ్దాలుగా వరసగా ప్రచురిస్తూ వచ్చింది వాళ్లే.

ఫ్లూ టీకాకు, సైన్యానికి ఉన్న బంధం పాతది. 1918 మహమ్మారిలో కాన్సస్‌లోని క్యాంప్ ఫన్‌స్టన్, మసాచుసెట్స్‌లోని క్యాంప్ డెవెన్స్ లాంటి శిబిరాలు రోగులతో నిండిపోయాయి. ఫ్లూ, దాని వెంట వచ్చిన న్యుమోనియా కలిసి సుమారు 45 వేల మంది అమెరికా సైనికుల ప్రాణాలు తీశాయి. మనుషుల్లో ఈ వైరస్‌ను పట్టుకోవడానికి 1933 దాకా పట్టింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి 1918 మళ్లీ వస్తుందేమోనన్న భయం అధికారులను వదల్లేదు. 1941లో సైన్యం ఇన్‌ఫ్లుయెంజా మీద ప్రత్యేక కమిషన్ వేసింది. దాన్ని నడిపింది మిషిగన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త థామస్ ఫ్రాన్సిస్. తర్వాత పోలియో టీకాతో పేరు తెచ్చుకున్న జోనస్ సాల్క్ అప్పట్లో ఆయన దగ్గర పనిచేస్తున్న కుర్ర డాక్టరు.

1943లో, విశ్వవిద్యాలయాల్లో శిక్షణ పొందుతున్న సుమారు 12,500 మంది సైనికుల మీద వీళ్లు టీకాను పరీక్షించారు. కొందరికి గుడ్లలో పెంచి చంపిన వైరస్, మిగతావాళ్లకు మందు లేని ద్రావణం. ఆ చలికాలంలో టీకా అందినవాళ్లలో 2.2 శాతం మంది జబ్బు పడ్డారు, అందనివాళ్లలో 7.1 శాతం. అంటే దాదాపు 70 శాతం రక్షణ. ఆ ఊపులో 1945లో సైన్యం మొత్తానికీ వేశారు.

1947లో అదే పద్ధతిలో చేసిన టీకా చేతులెత్తేసింది. వేయించుకున్నవాళ్లూ వేయించుకోనివాళ్లూ ఒకేలా పడకేశారు. న్యూజెర్సీలోని ఫోర్ట్ మన్‌మత్ సైనిక స్థావరంలో దొరికిన వైరస్‌ను చూస్తే కారణం తెలిసింది: టీకాలో ఉన్న పాత రకానికీ దీనికీ పోలిక బాగా తగ్గిపోయింది. ప్రతి ఏడూ తిరుగుతున్న వైరస్‌ను గమనించి టీకాలోని రకాన్ని మార్చుకోవాలన్న నేటి పద్ధతికి ఈ దెబ్బే పెద్ద పాఠం. రెండు రకాల టీకాలను పోల్చే ఏ అధ్యయనమైనా ఏ సీజన్‌లో జరిగిందో చూడకుండా ఫలితాన్ని నమ్మకూడదని కూడా 1947 చెబుతుంది.

అందరూ టీకా వేయించుకున్న చోట పోలిక ఎలా?

సైన్యంలో టీకా వేయించుకున్నవాళ్లు 90 శాతం దాటుతారు. రక్షణకు ఇది మంచిదే కానీ పరిశోధకుడికి చిక్కు. టీకా ఎంత పనిచేసిందో తేలాలంటే వేయించుకోనివాళ్లతో పోల్చాలి. ఆ మిగిలిన పిడికెడు మంది ఎవరు? వైద్య కారణాలతో మినహాయింపు పొందినవాళ్లు, ప్రయాణాల్లో ఉండి వంతు తప్పినవాళ్లు, వేయించుకున్నా రికార్డుకెక్కనివాళ్లు. వీళ్లు మిగతా సైనికుల లాంటివాళ్లు కాదు. వీళ్లతో పోల్చి తీసిన శాతాన్ని జాగ్రత్తగా చూడాలి.

ఈ చిక్కు తప్పించుకోవడానికి రెండు దారులు వాడతారు. మొదటిది, జ్వరం, దగ్గుతో వైద్యశాలకు వచ్చిన ప్రతి ఒక్కరి ముక్కులోంచి నమూనా తీసి పరీక్షించడం. ఫ్లూ అని తేలినవాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లు ఎందరు, ఫ్లూ కాదని తేలినవాళ్లలో ఎందరు అని చూస్తారు. రెండు గుంపులూ డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లే కాబట్టి, ఆస్పత్రికి పరిగెత్తే అలవాటులో ఉండే తేడా చాలావరకు తగ్గిపోతుంది. అమెరికా రక్షణ శాఖ ప్రయోగశాలలు ఏటా ఈ పద్ధతిలో సీజన్ మధ్యలోనే అంచనా కట్టి, వచ్చే ఏడాది టీకాలో ఏ రకాలుండాలో చర్చించే ఎఫ్‌డీఏ (మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ) సలహా కమిటీ ముందు పెడుతూ వచ్చాయి.

రెండో దారి, వేయించుకోనివాళ్లను పక్కన పెట్టి ఒక రకం టీకాను ఇంకో రకంతో నేరుగా పోల్చడం. ఇందులో వచ్చే శాతాలను చదవడంలోనే చాలామంది పొరబడతారు. ఊహకు ఒక లెక్క తీసుకుంటే, టీకా లేకపోతే వంద మందికి జబ్బు వచ్చే చోట మొదటి టీకా 40 శాతం ఆపిందనుకుందాం, 60 మందికి వస్తుంది. రెండోది 50 శాతం ఆపితే 50 మందికి వస్తుంది. అరవై యాభై అయింది కాబట్టి రెండో టీకా మొదటిదాని కన్నా 17 శాతం మెరుగని రాస్తారు. ఆ 17ను చూసి "ఈ టీకా 17 శాతమే పనిచేస్తుందట" అనుకునేవాళ్లున్నారు, "మిగతావాటి కన్నా 17 మందిని ఎక్కువ కాపాడింది" అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే.

స్ప్రేకి, ఇంజెక్షన్‌కి మధ్య పోటీ

సైన్యంలో బాగా నలిగిన పోలిక ఇదే. ముక్కులో కొట్టే టీకాకు మూలం కూడా మిషిగన్ విశ్వవిద్యాలయమే. అక్కడి హునీన్ మసాబ్ 1960లో దొరికిన ఒక ఫ్లూ వైరస్‌ను తక్కువ ఉష్ణోగ్రతలకు అలవాటు చేస్తూ వచ్చి, 25 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగి ఒంటి వేడికి నీరసించే రకాన్ని తయారుచేశారు. చల్లగా ఉండే ముక్కులో అది కొద్దిగా పెరుగుతుంది, వెచ్చగా ఉండే ఊపిరితిత్తుల్లో పెరగలేదు. వైరస్ మామూలుగా దిగే దారిలోనే శరీరానికి తర్ఫీదు దొరుకుతుందన్నది ఆలోచన. 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది.

సైన్యానికి ఇది బాగా నచ్చింది. సూది లేదు, వరసలో నిలబెట్టి వేలమందికి గంటల్లో వేసేయొచ్చు. దానికి తోడు 2004 అక్టోబరులో లివర్‌పూల్‌లోని ఒక టీకా ఫ్యాక్టరీ లైసెన్సు సస్పెండ్ అయి, అమెరికాకు రావాల్సిన ఇంజెక్షన్ మందులో దాదాపు సగం ఆగిపోయింది. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లను స్ప్రే వైపు మళ్లించాలన్న ఒత్తిడి పెరిగింది.

ఆ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనం 2009లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో అచ్చయింది. 2004–05 నుంచి 2006–07 వరకు మూడు సీజన్లు, 17 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న పది లక్షలకు పైగా సైనికుల రికార్డులు. న్యుమోనియా లేదా ఫ్లూ అని రాసుకున్న ఆస్పత్రి సందర్శనలు మూడు సీజన్లలోనూ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లలోనే తక్కువ. మొదటి సీజన్‌లో అయితే తేడా మరీ కొట్టొచ్చినట్టు ఉంది: ఇంజెక్షన్ గుంపులో సందర్శనలు సగం కన్నా తక్కువకు పడిపోతే, స్ప్రే గుంపు దాదాపు టీకా లేనివాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే స్ప్రే పని అయిపోయినట్టే. అయితే అదే రికార్డుల్లో, అంతకుముందు ఏళ్లలో ఫ్లూ టీకా వేయించుకోని సైనికులను విడిగా చూస్తే స్ప్రే ఫలితం ఇంజెక్షన్‌కి దగ్గరగా వచ్చింది. అదే ఏడాది వచ్చిన మరో సైనిక అధ్యయనంలో కొత్తగా చేరిన రిక్రూట్లను చూస్తే, ఫ్లూ లాంటి జబ్బులు ఆపడంలో స్ప్రేదే పైచేయి అయింది.

దీనికి కారణం స్ప్రే పనిచేసే తీరులోనే ఉంది. చంపిన వైరస్ కండరంలోకి వెళ్లగానే దాని పని అది చేస్తుంది, మళ్లీ పెరగాల్సిన అవసరం లేదు. స్ప్రేలోని వైరస్ మాత్రం ముక్కులో కొన్ని రోజులు బతికి పెరిగితేనే శరీరం దాన్ని గుర్తుపడుతుంది. ఏటా టీకా వేయించుకుంటూ వచ్చిన సైనికుడి ముక్కులో, రక్తంలో పాత యాంటీబాడీలు కాపు కాస్తుంటాయి. స్ప్రే వైరస్ దిగీ దిగగానే అవి దాన్ని పట్టేస్తాయి. అసలు శత్రువు కోసం పెట్టిన కాపలా తర్ఫీదు ఇవ్వడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపేసిందన్నమాట. పద్దెనిమిదేళ్ల రిక్రూట్‌కు ఆ కాపలా ఇంకా పలచగా ఉంటుంది.

సైన్యం బయటి పరీక్షలూ ఇదే వైపు చూపిస్తున్నాయి. మిషిగన్‌లో 2007–08 సీజన్‌లో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ల మీద జరిగిన పరీక్షలో ఇంజెక్షన్ 68 శాతం, స్ప్రే 36 శాతం రక్షణ ఇచ్చాయి. అదే 2007లో అచ్చయిన మరో పెద్ద పరీక్షలో, ఐదేళ్ల లోపు పిల్లల్లో స్ప్రే అందినవాళ్లకు ఇంజెక్షన్ అందినవాళ్లకన్నా ఫ్లూ దాదాపు 55 శాతం తక్కువ వచ్చింది. అనుభవం లేని ఒంట్లో స్ప్రే రాణిస్తుంది, అనుభవం పేరుకున్న ఒంట్లో తడబడుతుంది. సైన్యంలో ఈ రెండు రకాల ఒళ్లూ పక్కపక్క మంచాల మీద ఉంటాయి కాబట్టి, అందరినీ కలిపి తీసిన సగటు ఎవరికీ సరిపోదు.

ఇంకో చిక్కు గురించి ఈ అధ్యయనాలు చదివేవాళ్లు తక్కువగా మాట్లాడుకుంటారు. అక్కడ లెక్కించినవి డాక్టరు రాసిన రోగ నిర్ధారణలు, ప్రయోగశాలలో తేలిన ఫ్లూ కేసులు కావు. ఆ ఏళ్లలో శిక్షణ శిబిరాల్లో జ్వరం, గొంతు నొప్పి, దగ్గుతో వచ్చే రిక్రూట్లలో ఎక్కువమందిని పడగొట్టింది ఫ్లూతో సంబంధం లేని అడెనోవైరస్ అనే వేరే వైరస్. దానికి సైన్యం 1970ల నుంచి ప్రత్యేకంగా మాత్రల టీకా వాడేది. తయారీదారు ఆపేయడంతో 1999 నాటికి నిల్వలు అడుగంటాయి, మళ్లీ చేతికొచ్చింది 2011లో. స్ప్రేకి, ఇంజెక్షన్‌కి పోలిక జరిగిన కాలం సరిగ్గా ఈ ఖాళీలో పడింది. ఏ ఫ్లూ టీకా అయినా అడెనోవైరస్‌ను ఆపలేదు. రెండు గుంపుల్లోనూ ఆ జ్వరాలు ఒకేలా కలిస్తే టీకాల మధ్య అసలు తేడా పలచబడుతుంది. ఒక శిబిరంలో స్ప్రే, ఇంకో శిబిరంలో ఇంజెక్షన్ వాడి, అడెనోవైరస్ ఒకచోటే విరుచుకుపడితే ఫలితం తలకిందులైనా ఆశ్చర్యం లేదు. అందుకే రిక్రూట్లలో స్ప్రే మేలన్న ఫలితాన్ని ఒక బలమైన సూచనగా తీసుకోవచ్చు, తీర్పుగా కాదు.

స్ప్రే కథ తర్వాత ఇంకో మలుపు తిరిగింది. 2009 మహమ్మారి తర్వాత స్థిరపడిన హెచ్1ఎన్1 రకం మీద అది 2013–14, 2015–16 సీజన్లలో పిల్లల్లోనూ విఫలమైంది. ఒక్కో టీకాలో మూడు నాలుగు ఫ్లూ రకాలు కలిపి ఉంటాయి; వాటిలో ఈ రకం వైరస్ ముక్కులో సరిగా పెరగడం లేదని తేలింది. 2016లో అమెరికా టీకా సలహా కమిటీ స్ప్రే వద్దంది, రెండు సీజన్ల పాటు అది పక్కకు వెళ్లింది. హెచ్1ఎన్1 భాగాన్ని మార్చాక 2018–19కి మళ్లీ సిఫార్సు చేశారు. ఒకే పేరున్న టీకా అయినా లోపలి ఒక్క భాగం బాగా లేకపోతే ఎంత తేడా వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏటేటా వేస్తే బలం తగ్గుతుందా?

1996 ఫిబ్రవరిలో యుద్ధనౌక యూఎస్ఎస్ ఆర్కాన్సాలో సిబ్బందిలో 95 శాతం మందికి టీకా అంది ఉంది. అయినా 42 శాతం మంది ఫ్లూతో పడిపోయారు. నౌకలో దొరికిన హెచ్3ఎన్2 (ఫ్లూలో ఇంకో రకం) వైరస్ టీకాలోని అదే రకానికి దూరంగా జరిగిపోయింది. ఇరుకు గదులు, ఒకే భోజనశాల, తప్పించుకునే దారి లేని సముద్రం. వైరస్‌కు ఇంకేం కావాలి? 2014 ఫిబ్రవరిలో శాన్ డియేగోలో లంగరు వేసి ఉన్న యూఎస్ఎస్ ఆర్డెంట్‌లో 102 మంది సిబ్బందిలో 25 మంది ఫ్లూ లక్షణాలతో డాక్టరు దగ్గరికి వచ్చారు. అక్కడ 99 శాతం మందికి టీకా పడింది. వయసు, ఆరోగ్యం బాగున్నా, టీకా అందరికీ అందినా, హెచ్3ఎన్2 ముందు ఇంజెక్షన్ చాలాసార్లు తేలిపోతుందని ఈ రెండు నౌకలు చూపించాయి.

ఇలాంటివి చూసినప్పుడు ఏటా వేయడమే బెడిసికొడుతోందా అన్న ప్రశ్న వస్తుంది. 1970ల్లో ఇంగ్లండ్‌లోని ఒక బోర్డింగ్ స్కూల్లో ఏటా టీకా వేయించుకున్న పిల్లలకు చివరికి పెద్ద లాభం మిగల్లేదన్న పరిశీలన నుంచి ఈ వాదన నడుస్తోంది. 1999లో వచ్చిన ఒక వివరణ దీన్ని కాస్త చక్కబెట్టింది: నిరుటి టీకా, ఈ ఏటి టీకా బాగా దగ్గరగా ఉండి, తిరుగుతున్న వైరస్ రెండింటికీ దూరంగా ఉంటే, పాత యాంటీబాడీలు కొత్త టీకాను మింగేస్తాయి, కొత్త వైరస్‌ను మాత్రం పట్టలేవు. మిగతా సందర్భాల్లో నష్టం ఉండదు, కొన్నిసార్లు లాభమే. అమెరికా సైన్యం అంచనాల్లో సర్వీసులో ఉన్న సైనికుల రక్షణ శాతం తరచుగా వాళ్ల కుటుంబ సభ్యుల కన్నా తక్కువగా కనిపించడానికి ఈ పేరుకున్న టీకాలు ఒక కారణం కావచ్చు. దాదాపు అందరూ వేయించుకున్న గుంపులో కొలవడం కష్టం కావడం ఇంకో కారణం. టీకా మానేస్తే మేలన్న అర్థం మాత్రం ఇందులోంచి రాదు. ఏ వివరణ చూసినా, ఏటా వేసుకున్నవాళ్లు అసలు వేసుకోనివాళ్ల కన్నా సాధారణంగా మెరుగ్గానే ఉంటున్నారు.

గుడ్డులో పెంచితే వైరస్ మారిపోతోందా?

ఇటీవలి పోలికలన్నీ ఇంజెక్షన్ల మధ్యే. మనిషి వైరస్‌ను కోడిగుడ్డులో పెంచినప్పుడు అది కోడి కణాలకు సర్దుకుంటూ చిన్న మార్పులు తెచ్చుకుంటుంది. హెచ్3ఎన్2లో ఈ బెడద ఎక్కువ. యాంటీబాడీలు పట్టుకోవాల్సిన చోటే ఆకారం మారితే, టీకా కాగితం మీద సరైన రకమే అయినా శరీరం నేర్చుకునేది వేరే ముఖాన్ని. కణాల్లో పెంచే టీకాకు 2012లో, ప్రొటీన్‌ను మాత్రమే పురుగు కణాల్లో తయారుచేసే రీకాంబినెంట్ టీకాకు 2013లో అమెరికా అనుమతులు వచ్చాయి. రీకాంబినెంట్‌లో ఒక్కో రకానికి 45 మైక్రోగ్రాముల ప్రొటీన్ ఉంటుంది, మామూలు ఇంజెక్షన్‌లో 15.

2017–18లో హెచ్3ఎన్2 విరుచుకుపడినప్పుడు తేడా తేలుతుందని అందరూ ఎదురుచూశారు. 65 దాటిన పౌరుల బీమా రికార్డుల్లో కణాల టీకా గుడ్డు టీకా కన్నా పది శాతం చుట్టూ మెరుగ్గా కనిపించింది. రక్షణ శాఖ వైద్య సేవల పరిధిలోని వాళ్ల మీద అదే సీజన్‌లో చూస్తే స్పష్టమైన తేడా కనిపించలేదు. ఒక సంగతి మరిచిపోకూడదు: ఆ ఏడాది కణాల టీకాలో మొదటి నుంచి చివరి దాకా గుడ్డు ముట్టనిది హెచ్3ఎన్2 భాగం ఒక్కటే. మిగతా భాగాల తయారీ మొదలుపెట్టడానికి వాడిన విత్తన వైరస్‌లు ఇంకా గుడ్డు దారిలో వచ్చినవే. అమెరికాలో నాలుగు భాగాలూ గుడ్డును పూర్తిగా వదిలింది 2019–20లో.

సైనికుల వయసువాళ్లకు దగ్గరగా వచ్చిన గట్టి లెక్క రీకాంబినెంట్ గురించి ఉంది. 2018–19, 2019–20 సీజన్లలో కాలిఫోర్నియాలో జరిపిన పరిశీలన 2023లో అచ్చయింది. మామూలు గుడ్డు టీకాతో పోలిస్తే 18–49 ఏళ్లవాళ్లలో ఫ్లూ కేసులు 11 శాతం చుట్టూ తగ్గాయి. ఆస్పత్రిలో చేరేంత జబ్బు విషయంలో స్పష్టమైన తేడా తేలలేదు. అంత చిన్న తేడాను పట్టుకోవాలంటే ఒక స్థావరమో, ఒక నౌకో చాలదు. ఆ పరిశీలనలో టీకా వేయించుకున్నవాళ్లు పదహారు లక్షలు దాటారు.

రికార్డులు తవ్వి తీసే పోలికల్లో ఎవరికి ఏ టీకా వేయాలన్నది సరఫరా, స్థావరం, వయసు నిర్ణయిస్తాయి. ఆ పక్షపాతం పోవాలంటే చీటీ తీసినట్టు వేయాలి. అమెరికా సైనిక వైద్య విశ్వవిద్యాలయం 2018లో అలాంటి పరీక్ష మొదలుపెట్టింది. గుడ్డు, కణాలు, రీకాంబినెంట్ మూడింటిలో ఒకటి అదృష్టం కొద్దీ ఎవరికి పడితే వాళ్లకు వేసి, వాళ్లు ఫ్లూ లాంటి జబ్బు పడితే ముక్కు నమూనా తీస్తారు. సర్వీసులో ఉన్నవాళ్లతో పాటు రిటైరైనవాళ్లు, కుటుంబ సభ్యులు కూడా ఉన్నారు. దురదృష్టం, మధ్యలో కోవిడ్ వచ్చి 2020–21లో ఫ్లూ దాదాపు మాయమైంది. జబ్బే లేని చోట టీకాలకు పోటీ పెట్టడం కుదరదు. పోతూ పోతూ ఆ కాలం ఇంకో మార్పు తెచ్చింది: టీకాలోని నాలుగు రకాల్లో ఒకటైన బి/యమగాటా అనే వైరస్ 2020 మార్చి తర్వాత కనిపించలేదు. 2024–25 నుంచి అమెరికా టీకాలన్నీ నాలుగు రకాల నుంచి మూడు రకాలకు దిగాయి. పాత నాలుగు రకాల టీకాల పోలికలను ఇప్పటి టీకాలకు అన్వయించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ముందు పోటీకి వస్తున్నది, వైరస్ ప్రొటీన్‌ను మన ఒంట్లోనే తయారుచేయించే ఎంఆర్‌ఎన్‌ఏ ఫ్లూ టీకా. 18–64 ఏళ్లవాళ్లలో జరిగిన పెద్ద పరీక్షలో అది మామూలు ఇంజెక్షన్ కన్నా ఫ్లూ కేసులను మూడో వంతు దాకా ఎక్కువ తగ్గించింది, ఆ లాభం కనిపించింది మాత్రం ఎ రకం (హెచ్1ఎన్1, హెచ్3ఎన్2) వైరస్‌ల మీదే. జ్వరం, ఒళ్లు నొప్పులు కూడా ఎక్కువే వచ్చాయి. శిక్షణ శిబిరంలో ఇది చిన్న సంగతి కాదు: వేసిన మర్నాడు ఒక ప్లటూన్‌లో పదిమందికి జ్వరం వస్తే అది టీకా వల్లో, ఫ్లూ వల్లో ఆ పూటకు తెలియదు, ఆ రోజు శిక్షణ పోయినట్టే. దాని అసలు బలం వేగంలో ఉంది. ఉత్తరార్ధగోళం టీకాకు వైరస్‌లను ఎంచేది ఫిబ్రవరిలో, గుడ్లతో తయారీకి ఆరు నెలలు పడుతుంది, ఈలోగా వైరస్ జరిగిపోతే చేసేదేమీ ఉండదు. తయారీ కాలం తగ్గితే ఎంపికను ఆలస్యం చేసుకోవచ్చు. సైన్యంలో దీన్ని పోల్చి చూడబోయేవాళ్లు రిక్రూట్లను, పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లను వేరు చేయాలి, ప్రతి ఒక్కరూ గత ఐదారేళ్లలో ఏ ఏ రకం వేయించుకున్నారో లెక్కలోకి తీసుకోవాలి, ప్రయోగశాలలో తేలిన ఫ్లూనే ఫ్లూగా రాయాలి.